పెన్సిలుతో చుట్టిన ఐదు రోజులు

మేము కొన్న ఇంట్లో వెనక గది కిటికీ తీస్తే మునగచెట్టు కనిపిస్తుంది. ఆ గదిలో ఇప్పుడు బియ్యం డబ్బా, ఇస్త్రీ బల్ల, పాప పాత ఉయ్యాల ఉన్నాయి. గాలి బాగా వచ్చే గది అదే అయినా పాపని అక్కడ పడుకోబెట్టడం లేదు. ఎందుకని మా ఆయన ఒకసారి అడిగారు. దోమలు అన్నాను. దోమలు అన్ని గదుల్లోనూ ఉన్నాయి.

అసలు సంగతి చెప్పాలంటే నోరు పెగలదు. రాయడం కొంచెం నయమనిపించి, పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

ఇల్లు కూర్మన్నపాలెం లోపలి వీధుల్లో ఉంది. అమ్మినాయన స్టీలు ప్లాంటులో క్రేను నడిపి రిటైరయ్యారు. నేను ఆయన్ని అంకుల్ అనీ, ఆయన భార్యని ఆంటీ అనీ పిలిచేదాన్ని. వాళ్ళు క్రైస్తవులు. ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు వాళ్ళ ఊరు కూడా పోయింది. దానికి బదులుగా ఆయనకి ఉద్యోగం, వాళ్ళమ్మగారి పేర ఈ స్థలం వచ్చాయి. ఆవిడ దాన్ని ఎప్పుడో ఆయన పేర రాసిచ్చినా, స్థలం తల్లిది కాబట్టి ఇద్దరు తమ్ముళ్ళూ వాటా అడిగారు. ఇల్లు అమ్మక తప్పలేదు.

ఇల్లు చూడటానికి వెళ్ళిన మొదటిరోజు అంకుల్ వాళ్ళమ్మగారు, ఆ పెద్దావిడ, వరండాలో కూర్చుని మునగాకు దూస్తోంది. మా పాపని చూసి, "ఈ గుంట తిండి తినదేటి, పుల్లలాగున్నాది" అంది. నాకు చివుక్కుమంది. పాప నెలలు నిండకుండా పుట్టింది. పంతొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఏడాది నిండాక ఒకసారి జ్వరంలో ఫిట్సు వచ్చాయి. అప్పటినుంచి నేను తుమ్ముకి, దిష్టికి, పిల్లి ఎదురు రావడానికి, అన్నిటికీ భయపడే మనిషినైపోయాను. నేను చదివింది మైక్రోబయాలజీ. ఆ చదువు నా భయాల్ని తగ్గించలేదు, వాటికి క్రిముల్ని కూడా కలిపింది.

రిజిస్ట్రేషన్ అయింది. నెలాఖరుకి ఖాళీ చేసి తాళాలిస్తామన్నారు. కాగితం మీదా అలాగే రాసుకున్నాం. మూడో తారీఖున రోహిణిలో ముహూర్తం. అది దాటితే మూఢం వస్తుంది, మళ్ళీ మూడు నెలల దాకా మంచిరోజు లేదని చోడవరంలో ఉన్న మా అత్తగారు పంతులుగారిని కనుక్కుని చెప్పారు. అంతా సవ్యంగానే ఉంది.

నెల మధ్యలో కిటికీలకి దోమతెరల కొలతలు తీసుకుందామని వెళ్ళాను. వరండా ఖాళీగా ఉంది. పెద్దావిడ వెనక గదిలో మంచం మీద ఉంది. బాత్రూం దగ్గర పడిపోయిందట. హాస్పిటల్లో నాలుగు రోజులుంచి, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఆంటీ తడిపిన దూదితో ఆవిడ పెదవులు అద్దుతూ చెప్పింది.

"గంజి కూడా దిగట్లేదమ్మా. డాక్టరు వారమన్నాడు, పదిరోజులన్నాడు. దేవుడి సిత్తం. ఈ గదిలో, ఆ కిటికీ కాడే పోవాలని ఆవిడ కోరిక. ఫేక్టరీకి ఓ ఇల్లు ఇచ్చీసినాను, ఈ ఇంటి గుమ్మం మాత్రం నలుగురు మోస్తేనే దాటతాను అని ఎప్పుడూ అంటాది."

ఇల్లు అమ్మేసిన సంగతి ఆవిడకి చెప్పలేదని కూడా అప్పుడే తెలిసింది. నెలాఖరులోగా ఆవిడ వెళ్ళిపోతుందనీ, చెప్పే అవసరం రాదనీ వాళ్ళ ఆశ. ఆంటీ ఆ మాట పైకి అనలేదు గానీ నాకు అర్థమైంది.

కొలతలు తీసుకోకుండానే వచ్చేశాను. అప్పుడు మేం గోపాలపట్నంలో అద్దెకుండేవాళ్ళం. బస్సులో కూర్చున్నంతసేపూ నా బుర్రలో ఒకటే మాట తిరిగింది. ఆవిడ మా ఇంట్లో పోతుంది. ధనిష్ఠ మొదలుకొని రేవతి దాకా ఐదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే ఆ ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలంటారు. నా చిన్నప్పుడు మా మేనమామ ఇంటికి అలాగే ఆరునెలలు తాళం వేశారు. అత్తయ్య ఆ వీధిలోంచి నడిచేటప్పుడు కూడా ఆ ఇంటి వైపు తల తిప్పేది కాదు.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళాను. ప్రతి గడిలోనూ చిన్న అక్షరాలతో ఆ రోజు నక్షత్రం ఉంటుంది. ఇరవయ్యారున ధనిష్ఠ. అక్కడినుంచి వరసగా ముప్ఫైన రేవతి దాకా. పాప రంగు పెన్సిళ్ళలోంచి ఒకటి తీసి ఆ ఐదు గడుల చుట్టూ గీత గీశాను. అంతటితో ఆగలేదు. మిగిలిన రోజులు కూడా చూశాను. ఎల్లుండి పోతే పరవాలేదు. ఆదివారం పోయినా పరవాలేదు. మంగళవారం మాత్రం ఎందుకొచ్చిన గొడవ. ఒక మనిషి చావడానికి పనికొచ్చే రోజుల్ని బెండకాయలు ఏరినట్టు ఏరాను.

దీపం పెట్టేటప్పుడు, "ఆవిణ్ణి బాధపెట్టకుండా తీసుకుపో స్వామీ" అని దణ్ణం పెట్టుకున్నాను. "ఇరవయ్యైదు లోపల" అని మనసులో కలుపుకున్నాను.

రోజూ పొద్దున్నే ఆంటీకి ఫోన్ చేసేదాన్ని. మామ్మగారికెలా ఉందని అడిగేదాన్ని.

"అలాగే ఉన్నాదమ్మా" అనేది ఆంటీ. ఒకరోజు ఇంకో మాట కూడా అంది. "ఒక్కదానివీ నువ్వే రోజూ అడుగుతన్నావు. మా మరుదులు ఇల్లు ఎంతకి పోనాదని అడిగినారు గానీ అమ్మ ఎలాగున్నాదని అడగలేదు. నిన్ను కన్నతల్లి అదృష్టవంతురాలు."

ఫోన్ పెట్టేసి, క్యాలెండరులో ఆ రోజు గడి చూశాను. ఇరవయ్యారుకి ఇంకా ఐదు రోజులే ఉన్నాయి.

మర్నాడు మా ఆయన్ని తీసుకుని వెళ్ళాను. పాప ఆయన చంకలో ఉంది. అంకుల్ కుర్చీలు వేశారు. నేను దారిపొడుగునా లోపల అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను.

"ఏమనుకోకండి అంకుల్. రంగులు వేసేవాళ్ళు ఇరవయ్యారు నుంచే దొరుకుతారట. మీరు ఇరవయ్యైదుకి ఖాళీ చేయగలరా?"

రంగులవాళ్ళెవరితోనూ నేను మాట్లాడలేదు. మా ఆయన నా వైపు తిరిగి చూశారు.

"మా యమ్మ పరిస్థితి సూత్తన్నారు గదా" అన్నారు అంకుల్. "కాగితం మీద ముప్ఫయ్యొకటి అని రాసుకున్నాం. అప్పటి దాకా ఉంటే..."

"ముహూర్తం ఉంది కదా అంకుల్. చిన్నపిల్ల ఉన్న ఇల్లు."

ఆ రెండో మాట ఎందుకన్నానో ఆయనకి అర్థమయ్యే అవకాశం లేదు. అయినా ఆయన పాప వైపు చూశారు. తర్వాత తన అరచేతులు చూసుకున్నారు.

"సరేనమ్మా. మీ ఇంటికి మీరు రంగులేసుకోవాలి గదా. దువ్వాడ సైడు ఓ పోర్షను మాట్లాడినాను. నాలుగు రోజులు ముందే దిగుతామని సెప్తాను."

వీధి మలుపు తిరిగాక మా ఆయన అడిగారు.

"ఏ రంగులు?"

"అత్తయ్యగారు ఊరుకోరు."

"అమ్మకి ఆ ముసలావిడ సంగతి నువ్వు చెప్పావా?"

నేను పాప టోపీ సరిచేశాను.

ఇరవయ్యైదున సామాను వ్యాను వచ్చింది. నేను ఒక్కదాన్నే వెళ్ళాను, తాళాలు తీసుకోవడానికి. చేతిలో ఇంటి కాగితాల ఫైలు, ఒక పెన్ను. ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని కుళాయిలు అని రాసుకున్న కాగితం ఒకటి. ఆంటీ ఇల్లంతా కడిగి పెట్టింది. మోటరు స్విచ్చి రెండుసార్లు నొక్కితేగానీ పడదని చూపించింది. వట్టి ఇల్లు అప్పగించకూడదని వంటింట్లో గ్లాసుడు బియ్యం, కాస్త ఉప్పు ఉంచింది. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫ్యాన్లు లెక్కపెట్టాను.

పెద్దావిణ్ణి ఆఖర్న తీసుకొచ్చారు. మడతమంచం నాలుగు కోళ్ళూ నలుగురు పట్టుకున్నారు. గుమ్మం ఇరుకు. మంచం పక్కకి వంచినప్పుడు ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఏటర్రా, మళ్ళీ నోటీసొచ్చినాదేటి?"

"లేదమ్మా. ఆస్పటలుకెళ్తన్నాం" అన్నారు అంకుల్.

ఆవిడ చూపు అటూ ఇటూ తిరిగి నా మీద ఆగింది. గేటు పక్కన ఫైలు గుండెకి ఆనించుకుని, చేతిలో పెన్నుతో నిలబడి ఉన్నాను.

"ఆఫీసు నుంచొచ్చినావేటమ్మా?"

మోసేవాళ్ళలో ఒకడు నవ్వబోయి మానేశాడు.

"పంట కోసీదాకా ఆగమని మీ ఆఫీసరుతో సెప్పు తల్లీ. పది రోజులే. నువ్వు సెప్తే ఇంటాడు."

"అలాగే మామ్మగారూ, చెప్తాను" అన్నాను.

"మంచి పిల్ల" అంది ఆవిడ, కొడుకుతో.

వ్యాను వెళ్ళిపోయాక ఆ ఇంట్లోనే ఉండిపోయాను. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగాను. మధ్యాహ్నం రెండు దాటాక ఫోన్ మోగింది. ఆంటీ.

"ఓనరు సామాను దింపనిచ్చినాడు గానీ అత్తమ్మని దింపనివ్వట్లేదమ్మా. మంచం పట్టిన మనిషని ముందే సెప్పలేదేటి, నా ఇంట్లో పోతే రేపు అద్దెకెవడొస్తాడు అని గుమ్మంలో నిలబడిపోనాడు. ఆవిడ వ్యానులోనే ఉన్నాది. ఎండ పేలిపోతన్నాది. ఆ వెనక గది ఒక్కటీ ఇవ్వమ్మా. నాలుగు రోజులు. నాను కింద పడుకుంటాను, ఇంకెవరమూ రాము. మీ రంగులు ముందు గదుల నుంచి మొదలెట్టుకోండి."

నేను అప్పుడు వెనక గది గుమ్మంలోనే ఉన్నాను. గది ఖాళీగా ఉంది. మంచం కోళ్ళు ఉన్నచోట నేల మీద నాలుగు తెల్లటి గుర్తులున్నాయి. రంగులవాళ్ళు లేరు, రారు. ఇచ్చేయవచ్చు. రేపు ధనిష్ఠ.

"మా అత్తగారిని అడిగి చెప్తానాంటీ" అన్నాను.

అడగలేదు. వంటింటి గట్టు మీద కూర్చున్నాను. చోడవరం ఫోన్ చేసి, మాట్లాడి, బతిమాలి, కాదనిపించుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చున్నాను. అరగంట. ఆ అరగంటా ఆవిడ ఎండలో వ్యానులోనే ఉంది. ఇవ్వనని మొదటే చెప్పి ఉంటే వాళ్ళు ఇంకో దారి వెతుక్కునేవాళ్ళు. నా అబద్ధం నిజంలా కనిపించడానికి ఆ అరగంట కూడా ఆవిడ దగ్గరే తీసుకున్నాను.

తర్వాత ఫోన్ చేశాను. "మా అత్తగారు ఒప్పుకోలేదాంటీ. ఆవిడకి పట్టింపులెక్కువ. నేను చాలా చెప్పి చూశాను."

"సరేలేమ్మా. పెద్దవాళ్ళ మాట కాదని నువ్వేటి సేత్తావు. నువ్వు బాధపడకు" అంది ఆంటీ.

వాళ్ళ చర్చి వెనక పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పే గది ఒకటుంది. పాస్టరుగారు ఆ సాయంత్రం అందులో ఉండనిచ్చారు. ఐదు రోజులూ గడిచాయి. ఆవిడ పోలేదు. రేవతి కూడా దాటిపోయింది. నేను తప్పించిన గండమంటూ ఏమీ లేదు.

మూడో తారీఖున పాలు పొంగాయి. తూర్పు వైపే పొంగాయని అందరూ సంతోషించారు. వస్తుందనుకోలేదు గానీ ఆంటీ వచ్చింది. కానుకగా స్టీలు గిన్నె తెచ్చింది. తను పాతికేళ్ళు వండిన వంటింటి గుమ్మం బయటే, పిలిచేదాకా నిలబడింది. మా అత్తగారు ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చారు. ఆంటీ గొంతు తగ్గించి ఆవిడతో అంది.

"మనసులో ఏటీ పెట్టుకోకండి వదినగారూ. మా మరుదులు ఏదో అన్నారు గానీ, నానే సర్దిసెప్పినాను. ఆ పిల్ల అత్తగారి పట్టింపు ఆవిడది, వయసైనావిడ, భయపడ్డాది, ఆ పిల్ల పాపం ఎంతో సెప్పి సూసినాదట అని."

మా అత్తగారి చేతిలో పసుపు గిన్నె ఉంది. ఆవిడ ఒక్కసారి నా మొహం చూశారు. నేను తల దించుకున్నాను. ఏ పట్టింపు, ఏ భయం అని అడగవచ్చు. అడగలేదు.

"అవునమ్మా" అన్నారు. "ముసిలిదాన్ని గదా, నాకు భయం ఎక్కువ. తప్పుగా అనుకోకు."

వాళ్ళంతా భోజనాలకి కూర్చున్నాక వంటింట్లో అత్తగారు అడిగారు. అన్నీ చెప్పాను, పెన్సిలు సంగతితో సహా. ఆవిడ గరిటె పక్కన పెట్టి విన్నారు.

"నన్నడగలేదేటే?"

"వద్దంటారని."

"అంటానో అననో, నా తరపున నువ్వే అనీసినావు." గరిటె మళ్ళీ అందుకుని, "బాగా సదువుకున్నావు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ మర్నాడే నన్ను వెంటబెట్టుకుని చర్చికి వెళ్ళారు, పెద్దావిణ్ణి తీసుకొచ్చేద్దామని. ఆ గది గోడల నిండా పిల్లలు గీసిన గొర్రెపిల్లలు, ఓడలు. మంచం చుట్టూ చిన్న చిన్న కుర్చీలు. పెద్దావిడ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

"ఇప్పుడు కదిపితే దారిలోనే పోద్దమ్మా" అంది ఆంటీ. "పిలిసినారు, అదే పదివేలు."

వారం తర్వాత ఆవిడ ఆ గదిలోనే పోయింది. ఆవిడ అక్కడ ఉన్నన్నాళ్ళూ పిల్లల పాఠాలు చెట్టు కింద జరిగాయట.

మూడో రోజున ఆదరణ కూడిక పెట్టారు. చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి అందరూ చేరి ప్రార్థన చేస్తారు. నేను, అత్తగారు వెళ్ళాం. పాప నా ఒళ్ళో ఉంది. పాటలు, వాక్యం అయ్యాక చర్చి ఆవరణలో టీ ఇస్తున్నారు. మేం కుర్చీల్లో కూర్చున్నాం. మా వెనక అంకుల్ చెల్లెలు కూర్చుని ఉంది. పక్కావిడతో చెబుతున్నట్టుగా, మాకు వినబడేట్టుగా అంది.

"ఈవిడేనేటి, మా యమ్మని ఎండలో కూకోబెట్టినావిడ? బొట్టు సూడు, రూపాయి బిళ్ళంత. ఆ బొట్టెట్టుకుని ఇక్కడికెలాగొచ్చినాదో."

మా అత్తగారు పైట భుజం మీదికి లాక్కున్నారు. తిరిగి చూడలేదు. టీ గ్లాసు అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. నేను అనుకుని చేసిన పని కాదు, నోట్లోంచి వచ్చేసింది.

"ఆవిడ కాదండి. నేను. ఆవిణ్ణి నేను అడగనే లేదు. రంగులవాళ్ళు కూడా లేరు. అన్నీ నేనే చెప్పాను."

టీ పోస్తున్న ఆంటీ కెటిల్ వంచి పట్టుకునే ఉంది. అంకుల్ మాకు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆయన నన్ను అడగలేదు. మా అత్తగారిని అడిగారు.

"అమ్మా, ఆ రోజు ఈ పిల్ల ఫోను సేసుంటే మీరు ఒప్పుకుందురా?"

మా అత్తగారు పైట కొంగు వేలికి చుట్టుకున్నారు. ఒప్పుకునేదాన్ని కాదని చెప్పెయ్యమని నేను లోపల బతిమాలుకుంటున్నాను. నా కోసం కాదు. ఆయన మొహం చూస్తే అలా అనిపించింది.

"అబద్ధమెందుకాడాలి బాబూ" అన్నారు ఆవిడ చివరికి. "ముందు జంకుదును. ఆ తరవాత తీసుకొచ్చీమందును."

అంకుల్ తల ఊపారు. "అయితే ఆ గది ఖాళీగానే ఉన్నాదన్నమాట" అన్నారు. అది ఎవరితోనూ అన్న మాట కాదు.

నిజం చెప్పేస్తే నా తప్పు కొంచెమైనా తరుగుతుందనుకున్నాను. అప్పటిదాకా ఆయనకి పట్టుకోవడానికి ఒక మాట ఉండేది. ఎవరి ఆచారం వాళ్ళది, ఎవరేం చేస్తారు అనుకుని ఆయన తల్లిని ఆ గోడబొమ్మల మధ్య పడుకోబెట్టుకున్నారు. ఆ మాట కూడా ఆ రోజు నేను లాగేశాను. అత్తగారి మీద పడ్డ నింద తీయడానికే లాగాను నిజమే. అయినా లాగింది నేనే.

అంకుల్ చెల్లెలు లేచి, మా అత్తగారి పక్కకి వచ్చి కుర్చీ వేసుకుంది. అంకుల్ ఆంటీతో, "ఆవిడకి టీ ఇయ్యి" అన్నారు. తర్వాత లేచి, ఖాళీ అయిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టారు. నా వైపు చూడలేదు. ఇప్పటికీ కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఎదురైతే పాపని పలకరిస్తారు, నన్ను పలకరించరు.

ఆంటీ మా అత్తగారికి టీ ఇచ్చింది. పాపకి బిస్కెట్టు ఇచ్చింది. నా ముందుకి వచ్చి ఒక్క క్షణం ఆగి, నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. వేడిగా ఉంది. వద్దనడానికి మొహం చెల్లక, అందరి ముందూ కూర్చుని ఆఖరి గుక్క దాకా తాగాను.